మధ్యన ఒక మెత్తటి గుడ్డ

చిత్తూరులో మా చర్చిలో గిటారు వాయించే మాస్టారే నాకూ నేర్పారు. గిటారుకు ఏది తగిలించినా దాని కింద ఆయన ఒక గుడ్డముక్క పెట్టేవారు. చనిపోయిన భార్య నూలుచీరలోంచి చింపుకున్న ముక్క అది. నేను తొందరలో శ్రుతి చూసే క్లిప్పు గుడ్డ లేకుండా పెట్టబోతే చేయి పట్టుకునేవారు.

“మెల్లగా అప్పా. క్లిప్పుకుండే రబ్బరు పాలిష్‌ను తినేస్తాది. మధ్యన మెత్తగా ఏదో ఒకటి ఉండాల.”

పాట ఆలస్యమవుతోందని పాస్టరుగారు విసుక్కున్నా ఆయన పద్ధతి మారేది కాదు. నాకది చాదస్తంగా తోచేది.

పోయినేడు తిరుపతి ఆసుపత్రిలో, ట్యూబులు పీకేసుకుంటున్నారని ఆయన చేతిని మంచానికి కట్టేశారు. కట్టు కింద చర్మం కమిలిపోయింది. గిటారు పెట్టెలోని ఆ గుడ్డ తెచ్చి, నర్సమ్మతో కట్టు వదులు చేయించి, మణికట్టు చుట్టూ మడిచి పెట్టాను. ఆయన కళ్ళు తెరిచి చూశారు.

“మరి గిటారుకు?”

“దానికేమీ తగిలించలేదు మాస్టారూ.”

ఆయన నెమ్మదించి కళ్ళు మూసుకున్నారు.

మూడో రోజు ఆ గుడ్డతోనే ఆయన్ని సమాధి చేశాం. ఇప్పుడు చర్చిలో ఆ గిటారు నేను వాయిస్తున్నాను. ఇంతవరకూ దానికేమీ తగిలించలేదు. చెవితోనే శ్రుతి చేసుకుంటాను. సరిగ్గా కుదరదు.