ముందు నాయిన కూర్చోవాలి

కామారెడ్డిలో పళ్ళ డాక్టరు మజహర్‌కు ఒకటే పిచ్చి. పిల్లలకు పన్ను విరిగితే, కుర్చీలో ముందు తండ్రిని కూర్చోబెట్టేవాడు.

రాజంపేట బీడీల సేటు, కొడుకు పంటికని వచ్చి, తన నోటికి చీవాట్లు తిని పోయాడు. మీసాల పోలీసు అధికారి ఒకాయన ‘‘పన్ను నాది కాదయ్యా’’ అంటే, ‘‘నోరైతే మీదే గద సాబ్, తెరువుండ్రి’’ అన్నాడట. ఊళ్ళో పిల్లల పళ్ళ మాటేమో గానీ, తండ్రుల పళ్ళు మాత్రం తళతళలాడేవి.

ఈ సంగతేమీ తెలియని లింబాద్రి, తొంభై మూడులో ఒక పొద్దున ఎల్లారెడ్డి బస్సు దిగాడు. బీఎస్సీ చదివిన సైన్సు మాస్టరు. ఎనిమిదేళ్ళ కూతురు స్రవంతికి బోరింగు పిడి తగిలి ముందరి పన్ను సగానికి విరిగింది. ఆ ముక్కను స్పిరిటుతో తుడిచి, దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో భద్రం చేశాడు. బస్సులో కూతురికి పంటి నరం గురించీ, చీము గురించీ విడమరిచి చెబుతూనే వచ్చాడు. వింటున్న కొద్దీ ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక తీస్తే ఒట్టు.

మజహర్ అగ్గిపెట్టె తెరిచాడు. ‘‘వడియం లెక్క ఎండబెట్టి తెచ్చినవేంది మాస్టరూ!’’ అని ముక్కను నీళ్ళ గిన్నెలో వేశాడు. ‘‘నాననీ. నువ్వు కూసో.’’

‘‘విరిగింది బిడ్డది సార్!’’

‘‘నాకు కనవడ్తలేదా? కూసో.’’

‘‘ఆలస్యమైతే నరం...’’ అనబోయిన నోట్లో దూది కూరాడు. ‘‘బేటీ, ఈ టార్చి పట్టు. మీ నాయిన నోట్ల ఏం కనవడ్తున్నది?’’

టార్చి కోసం స్రవంతి ఒక చేయి తీసింది. ‘‘నల్లగున్నది సార్. ఎనక పన్ను మీద.’’

‘‘అచ్ఛా! తోముకోడా?’’

‘‘నన్నే రోజు రెండుసార్లు తోమమంటడు!’’ అని పకపకా నవ్వింది. రెండో చేయి కూడా జారిపోయింది.

లింబాద్రి ‘‘ఊఁ... ఊఁ’’ అన్నాడు. దూది దాటి సైన్సు బయటికి రాలేదు.

‘‘ఇగ నీ వంతు బేటీ. టార్చి మీ నాయినకియ్యి.’’

ఆ పిల్ల తనంతట తానే కుర్చీ ఎక్కి, నోరు తెరిచింది. మజహర్ పంటికి మందు పూసి, నానిన ముక్కను అతికించి, నీలం వెలుగు పట్టాడు. పక్కన టార్చి వణుకుతోంది.

‘‘బిడ్డ ఎంత గట్టిగ పట్టింది! నీ చెయ్యేంది మాస్టరూ, గిట్ల ఊగుతున్నది?’’ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ‘‘పన్ను పిల్లలకే విరుగుతది. భయం మాత్రం తండ్రుల నోట్లకెల్లి వస్తది. అందుకే ముందు ఆ నోరు మూస్త’’ అన్నాడు.

స్రవంతి అద్దంలో చూసుకుంది. అతుకు ఎక్కడుందో వెతికి, దొరకక, అద్దానికే ఇకిలించింది.

‘‘దాంతోని జామకాయ కొరుకకు, కోసుకొని తిను. నెలకు మళ్ళ రాండ్రి, నరం సంగతి చూద్దం.’’

లింబాద్రి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నోట్లో దూది చూపించి, తీయమన్నట్టు సైగ చేశాడు.

‘‘ఎల్లారెడ్డి దాకా ఉండనీ’’ అన్నాడు మజహర్. ‘‘బస్సుల జర బిడ్డను మాట్లాడనియ్యి.’’

దూదిని కిటికీలోంచి ఉమ్మేయడానికి లింబాద్రికి అడ్డేమీ లేదు. అయినా ఎల్లారెడ్డి దాకా బుగ్గలోనే దాచుకుని, గలగలా మాట్లాడుతున్న కూతురి నోటికేసి చూస్తూ కూర్చున్నాడు.