మొదటి పేరా

మా ఇంగ్లీషు టీచరు క్లాసులో కూర్చోగా నేను ఒక్కసారే చూశాను. ఢిల్లీ కంటోన్మెంట్ స్కూల్లో, అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు క్లాసులో, ఆవిడ బెంచీల మధ్య తిరుగుతూనే మా వ్యాసాల్లో మొదటి పేరా చదవకుండా కొట్టేసేవారు.

"ఇదంతా గొంతు సవరించుకోవడం బేటా. అసలు మాటేది?"

నెలాఖరుకల్లా అది దొరక్కపోతే నన్ను మామూలు సెక్షనుకు పంపేస్తానన్నారు. ఆ భయంతో రాత్రీపగలూ రాసింది చించి మళ్లీ రాశాను. చివరికి, నాన్న సరిహద్దు పోస్టింగుకు వెళ్లాక బూట్లు లేని మా గుమ్మం ఎంత వెడల్పుగా కనిపించిందో, ఆ మాటతోనే వ్యాసం మొదలుపెట్టాను. ఆవిడ పెన్ను ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చివరిదాకా చదివారు.

"అచ్ఛా. ఉండిపో."

నిన్న ఆవిడ సంతాపసభలో నన్ను మాట్లాడమన్నారు. రాసుకెళ్లిన మొదటి పేరా కొట్టేసి, ఆవిడ కుర్చీ లాక్కున్న దగ్గర మొదలుపెట్టాను.