ఐతారం దాకా ఆపు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. కరోనా వచ్చిన ఏడాది నుంచి ఒక మాట నా గుండె మీద బండలా కూర్చుని ఉంది. నా భార్యకు చెప్పలేదు. ఏళ్ల తరబడి నా పక్క మంచం మీద పడుకునే మిత్రుడికీ చెప్పలేదు. మావాళ్లందరూ దేవుడిలాంటి మనిషి అని చెప్పుకునే ఒకడు, ఇంటికి వెళ్లవలసిన శవాన్ని ఆపాడు. వాణ్ని నేనే.

నేనేం చేస్తానో ముందు చెప్పాలి. అబుదాబి బయట, మఫ్రఖ్‌లో, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపు ఆఫీసులో నా ఉద్యోగం. కానీ మా ఉత్తర తెలంగాణ వాళ్లకు నేను వేరే పని వల్ల తెలుసు. ఇక్కడ మనవాడెవరైనా చనిపోతే ముందు నాకే ఫోన్ వస్తుంది. ఆస్పత్రి, పోలీసు, ఎంబసీ, శవం చెడిపోకుండా మందు ఎక్కించే చోటు, చివరికి విమానం కార్గో. ఈ తోవంతా నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. పెట్టెను కార్గో గేటు దగ్గర అప్పగించే ముందు పక్కన నిలబడి ఫొటో దిగుతాం. అది మా పద్ధతి. ‘ఫలానా అన్నను ఇంటికి పంపినం’ అని వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం. ఇంటివాళ్ల నమ్మకం కోసమే అంటాం. అది అబద్ధం కాదు. కానీ ఆ ఫొటోలో పెట్టె తలవైపు ఎవరు నిలబడాలన్న దాని మీద ఇక్కడి మావాళ్ల సంఘం రెండుగా చీలిందన్నది కూడా అబద్ధం కాదు. చావు దగ్గర కూడా చోటు కోసం తోసుకున్నాం మేం. నేను అందరికంటే గట్టిగా తోసుకున్నాను.

పోశెట్టి మా పట్నం వాడే. పేరు మార్చాను, మనిషిని మార్చలేదు. తాపీ మేస్త్రీ. శుక్రవారం సెలవునాడు క్యాంపులో అడిగినవాళ్లందరికీ జుట్టు కత్తిరించేవాడు. కత్తిరిస్తూ వాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టేవాడు, ఆపై వారమంతా వాటితోనే ఏడిపించేవాడు. ఒకరోజు పొద్దున డ్యూటీ బస్సు వచ్చింది, అతను మంచం మీంచి లేవలేదు. నిద్రలో గుండె ఆగిందన్నారు. ఇంటి దగ్గర భార్య సుజాత బీడీలు చుడుతుంది. ఆమె నాతో అన్నది ఒక్కటే మాట. “అన్నా, ఒక్కసారి మొకం సూస్త. జెల్ది పంపు.”

పంపుతానన్నాను. నిజంగానే పరుగెత్తాను. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, సంతకానికి సతాయిస్తే అతని గది ముందు కదలకుండా నిలబడ్డాను. అనుకున్నదానికంటే ముందే అన్నీ అయిపోయాయి. గురువారం సాయంత్రం హైదరాబాద్ విమానంలో పెట్టెకు చోటు దొరికింది. అంతవరకు చేసినదానికి నన్ను మెచ్చుకోవచ్చు. అక్కడితో నా కథ ముగిసిపోతే ఎంత బాగుండేది.

ఆ గురువారం పొద్దున చైర్మన్ సాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ చలికాలమే మా పట్నానికి మున్సిపల్ చైర్మన్ అయ్యాడు. అంతకుముందు సిమెంటు కొట్టు నడిపేవాడు. ఆయన గెలుపు కోసం ఇక్కడి క్యాంపుల నుంచి మావాళ్ల చేత ఇళ్లకు ఫోన్లు చేయించినవాణ్ని నేను. గెలిచినరోజు ఆయన నాకు ఫోన్ చేసి, పక్కనున్నవాళ్లు వినేలా ‘మా దుబాయ్ తమ్ముడు’ అన్నాడు. నా వయసు మనిషి ఆ ముక్కకు పొంగిపోవడం సిగ్గుచేటు. పొంగిపోయాను.

“తమ్మీ, పోశెట్టి బాడీ ఇయ్యాల పంపుతున్నవట?”

“అవునన్నా. అన్ని అయిపోయినయ్. సాయంత్రం ఫ్లైట్.”

“ఇయ్యాలొద్దు. ఐతారం దాకా ఆపు. నేను ఢిల్లీల ఉన్న, పెద్దోళ్లను కలిసేది ఉన్నది. శంషాబాద్‌ల బాడీని నేనే దించుకోవాలె. టీవీలోళ్లకు చెప్పిపెట్టిన.”

“అన్నా, వాళ్లింట్ల ఎదురుసూస్తున్నరు...”

“రెండు మూడు దినాలకు ఏమైతది తమ్మీ? పోయినోడు ఎట్లైన పోయిండు. నేను ముందట నిలబడితే ఆ ఇంటికి సర్కారు సాయమన్న అస్తది. నీ పేరు గూడ చెప్త మైకుల.”

“సరే అన్నా.”

ఇంతే. బెదిరించలేదు, బతిమాలలేదు. నేను కాదంటే ఆయన నన్ను చేయగలిగింది కూడా ఏమీ లేదు. సముద్రం ఇవతల ఉన్నాను. అయినా సరే అన్నాను. ఎందుకన్నాను? ఆ ఇంటికి సాయం వస్తుందని నిజంగా నమ్మానా, లేక నమ్మినట్టు నాకు నేను చెప్పుకున్నానా? మైకులో నా పేరు వినబడుతుందన్న మాట ముందు చెవికెక్కి, సాయం సంగతి దాని వెనక వచ్చి చేరిందా? ఎన్నిసార్లు తిరగేసి చూసినా వరుస అదే వస్తోంది. ముందు నా పేరు, తర్వాత సాయం, ఆ తర్వాతెప్పుడో సుజాత.

కార్గో చూసే మలయాళీకి ఫోన్ చేశాను. ఆదివారానికి మార్చమన్నాను. “భాయ్, ఆజ్ హీ భేజ్ దో. ఫ్లైట్ బంద్ హోనే వాలా హై, సబ్ బోల్ రహే హైఁ,” అన్నాడు. విమానాలు ఆగిపోబోతున్నాయని, ఇవాళే పంపెయ్యమని అతను హెచ్చరించాడు, మీరు ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని చెప్పుకునే దారిని కూడా అతను మూసేశాడు. రోగం సంగతి అప్పటికే అందరి నోళ్లలో ఉంది. మా క్యాంపులో మాస్కులు పంచింది నేనే. అయినా మనదాకా వస్తుందా అన్న ధీమా. సుజాతకు ఫోన్ చేసి కంపెనీ కాగితాలు ఆలస్యమయ్యాయని చెప్పాను. పాపం ఆ ముదీర్ సంతకం పెట్టి అప్పటికే రెండు రోజులైంది. ఆమె కంపెనీని తిట్టింది. నేను కూడా ఆమెతో కలిసి తిట్టాను.

ఆదివారం విమానం లేదు. దేశంలోకి విమానాలే ఆపేశారు.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. సరుకు విమానంలో పంపొచ్చని ఒకరు, వీల్లేదని ఒకరు. క్యాంపు గేట్లు మూసేశారు. మార్చురీలో చోటు చాలడం లేదన్నారు. చివరికి ఇక్కడే దహనం చేయడానికి ఇంటివాళ్ల ఒప్పుదల కావాలన్నారు. ఆ ఒప్పుదల అడిగింది కూడా నేనే. సుజాత చాలాసేపు ఏడ్చి, “నీ చేతుల పెట్టినం అన్నా, నువ్వెట్లంటె అట్ల” అంది. తలకొరివి పెట్టడానికి ఇక్కడ అతనివాళ్లెవరూ లేరు. అది కూడా నా చేతిమీదుగానే జరిగింది. ఎవరో ఫోన్ పట్టుకుంటే వాళ్లు వీడియోలో చూశారు. బొమ్మ ఆగి ఆగి వచ్చిందట. ముఖం దగ్గరికి వచ్చేసరికి తెగిపోయిందట.

ఊళ్లో ఇంకో చిక్కు వచ్చింది. శవం లేకుండా ఆమె గాజులు ఎలా తీయించాలి? కులపెద్దలు రోజంతా వాదించుకున్నారు. ఆఖరికి గడ్డితో బొమ్మ కట్టి, అతని చొక్కా తొడిగి, మంచం మీద పడుకోబెట్టి, దాని పక్కన ఆమెను కూర్చోబెట్టారు. ఇది నాకు ఎవరో మామూలుగా ఫోన్లో చెప్పారు. ఆరోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. గడ్డిబొమ్మ పక్కన ఆ ఆడమనిషిని కూర్చోబెట్టింది పెద్దలు కాదు. నేను.

ఇక ఆయన సంగతి. శంషాబాద్‌లో పెట్టెను దించుకునే అవకాశం పోయింది కదా, చైర్మన్ సాబ్ నిరాశపడతాడనుకున్నాను. అంత తెలివితక్కువవాణ్ని నేను. రాకపోకలు మొదలయ్యాక ఆయన సుజాత ఇంటికి వెళ్లాడు. గచ్చు మీద కూర్చున్నాడు. ‘మా అన్న శవం కూడా ఇంటికి రాలేదు’ అని టీవీ ముందు ఏడ్చాడు. ఆ ఏడుపు నటన కాదనే అనుకుంటాను. ఆ వీడియో దుబాయ్ పోయినవాళ్లున్న ప్రతి ఇంటికీ చేరింది. తర్వాత ఊరూరా తిరిగాడు, గల్ఫ్‌లో పోయినవాళ్ల ఇళ్లన్నీ తట్టాడు. ఏ ఊళ్లో మాట్లాడినా పోశెట్టి పేరుతోనే మొదలుపెట్టేవాడు. పార్టీ ఆయనకు ఎంపీ టికెట్ ఇచ్చింది. శవం వచ్చి ఉంటే ఒక్కరోజు వార్త అయ్యేది. రాకపోవడం వల్ల ఆయన ఢిల్లీ దాకా వెళ్లాడు.

మళ్లీ ఫోన్లు చేయించింది నేనే. గెలిచినరోజు మఫ్రఖ్‌లో లడ్డూలు పంచింది నేనే. పార్లమెంటులో ఆయన తొలిసారి లేచి పోశెట్టి కథ చెబుతుంటే క్యాంపు మెస్సులో అందరం ఫోన్ల చుట్టూ మూగి చూశాం. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు, తలకొరివి పెట్టినవాణ్ని కదా అని. నేను దండం పెట్టాను. ఆ దండం గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులంటే నాకే అసహ్యం.

కిందటేడు ఆయన దుబాయ్ వచ్చాడు. బర్ దుబాయ్‌లో ఒక హోటల్ హాల్లో సన్మానం. నాకూ శాలువా కప్పారు. భోజనాల దగ్గర ఒక్క నిమిషం ఇద్దరమే మిగిలాం. అప్పుడు అడిగాను, ఆ గురువారం మీరు ఫోన్ చేశారు, గుర్తుందా అని. ఆయన నిజంగానే ఆలోచించాడు. “ఏ గురువారం తమ్మీ?” అన్నాడు. నేను ఆ ముఖంలో నాటకం కోసం ఆశగా వెతికాను. కనిపించలేదు. ఆయన మరిచిపోయాడు. దొంగతనంలో జతగాడైనా ఉన్నాడన్న ధైర్యం ఒకటి అన్నాళ్లూ ఉండేది. ఆరోజుతో అదీ పోయింది.

సుజాత ఏటా పెత్రమాసనాడు, ఆ పితృ అమావాస్యకు అతని పేరిట బియ్యం ఇచ్చాక, నాకు ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ అదే అడుగుతుంది. “ఆయిన మొకం ఎట్లుండె అన్నా?” నిద్రపోయినట్టుందమ్మా అంటాను. ఈసారి మాత్రం అడగలేదు. పార్లమెంటులో ఆయన మాట్లాడిన వీడియో ఎవరో మళ్లీ చూపించారట. “నేను సూడకపోతేంది అన్నా. దేశమంత ఆయిన పేరు ఇన్నది. గా విమానాలు బంద్ కాకుంటె గింత పేరు అచ్చునా?” అంది. ఆమె గొంతులో మొదటిసారి కొంచెం సంతోషం వినిపించింది.

ఇప్పుడు చెబితే ఆమెకు మిగిలిన ఆ కాస్త కూడా నేనే లాక్కున్నట్టవుతుంది. కాబట్టి చెప్పకపోవడమే దయ. చూశారా, ఎంత చక్కగా కుదిరిందో? నాకు భయమైన ప్రతిదానికీ ఇలాంటి మంచి పేరొకటి దొరుకుతుంది. అప్పుడు సాయం అన్నాను, ఇప్పుడు దయ అంటున్నాను. ఆమెకు చెబుతానో లేదో నాకే తెలియదు. చెబుతానని మీకు మాటిచ్చి ఇంకో అబద్ధం ఆడలేను.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని వాక్యం ఒకటుంది. దాన్ని బయటపెడితే ఊపిరి కాస్త కిందికి దిగుతుందేమోనని రాశాను. దిగుతోంది కూడా.

గురువారం విమానం వెళ్లింది. అందులో పోశెట్టికి చోటుంది. వద్దన్నది నేను.