కొమురవ్వ వద్దన్న శాలువా

సూరత్ శివారు భేస్తాన్‌లో కొమురవ్వ తెలియని తెలుగు ఇల్లు లేదు. పెళ్లయిన ఏడాదే భర్త సాంబయ్య వెంట సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చింది. ఆయన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు, ఆమె అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. సాంచెల మోతలో మాట వినపడాలంటే అరవాల్సిందే. పని పోయినా ఆ గొంతు మాత్రం ఆమెకు అలాగే ఉండిపోయింది.

మొన్న ఎండాకాలంలో జయదేవ్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. బ్యాంకులో రిటైరై, ఊళ్లో డబ్బున్నవాళ్లుండే అడాజన్‌లో ఉంటున్న మనిషి. సూరత్ తెలుగువాళ్ల చరిత్ర రాస్తున్నానని, అందులోని ప్రముఖుల్లో ఆమె కూడా ఉందని చెప్పాడు. కొమురవ్వ మురిసిపోయి చాయ్ పెట్టింది.

"ఏం రాసిండ్రో సదువుండ్రి సారూ, వింట."

ఆయన చదివాడు. "కార్మికుల మేలు కోరి, ఈ ప్రాంతంలో మొదటిసారిగా యంత్రాల బెల్టులకు రక్షణగా ఇనుప జాలీలు బిగించిన దయామయుడు లింగమూర్తి గారు. ఆ మంచిపనికి ఓర్పుతో సహకరించిన మహిళ కొమురవ్వ."

కొమురవ్వ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"ఓర్పా? ఎవ్వలికున్నది ఓర్పు? ముత్యం యాడున్నది గిండ్ల?"

"ముత్యం ఎవరండీ?"

ఆమె ఎవరో కొమురవ్వ చెప్పింది. ముత్యం ఆమె పక్కనే కండెలు చుట్టేది. ఒకనాడు కిందపడిన కండె కోసం వంగితే జడ బెల్టులో పడి, నెత్తి మీది చర్మం జుట్టుతో సహా లేచి వచ్చింది. పోలీసులొస్తారని కార్ఖానా సేటు లింగమూర్తి గేటుకు తాళం వేయించాడు. డాక్టర్ని ఇక్కడికే పిలిపిస్తానన్నాడు. కొమురవ్వ ఇనుపరాడ్‌తో ఆ తాళం పగలగొట్టి, బట్ట తానులు మోసే టెంపోలో ముత్యాన్ని ఆసుపత్రికి తీసుకుపోయింది. ప్రాణం దక్కింది. మర్నాటి నుంచి ఆడవాళ్లంతా గేటు ముందు కూచున్నారు. జాలీలు బిగించేదాకా లేవలేదు. ఆ తర్వాత ఏ కార్ఖానా కొమురవ్వను గానీ, సాంబయ్యను గానీ లోపలికి రానీయలేదు. ఇద్దరూ ఇంటి ముందు మిర్చి బజ్జీలు వేసి అమ్ముకుని బతుకుతున్నారు.

జయదేవ్ తల దించుకున్నాడు. "లింగమూర్తి గారే పుస్తకం అచ్చు వేయిస్తున్నారు కొమురవ్వ గారూ."

"అట్లయితే నా పేరు కొట్టెయ్. గీ అబద్ధంల నన్ను కలుపకు."

ఆయన సరేనన్నాడు గానీ కొట్టెయ్యలేదు. ఆవిష్కరణ సభకు రమ్మని, శాలువా కప్పుతామని కబురొచ్చింది. కొమురవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముత్యాన్ని వెంటబెట్టుకుని అడాజన్ హాలుకు వెళ్లింది.

స్టేజీ మీద లింగమూర్తి నవ్వుతూ శాలువా విప్పాడు. కొమురవ్వ దాన్ని ఒక్క తోపు తోసింది.

"జాలీలు నువ్వు పెట్టినవా సేటూ? మా ఆడోళ్లు పెట్టిచ్చిండ్రు!"

మైకు లేకుండానే ఆ మాట చివరి వరసదాకా వినిపించింది.

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు కొమురవ్వా?" లింగమూర్తి గొంతు తగ్గించాడు.

"చరిత్రంటే పాత ముచ్చట గాదా? గందుకే గదా బుక్కేసినవ్?"

ముత్యం లేచి నిలబడింది. ఎవరూ అడగకుండానే నెత్తి మీది స్కార్ఫు తీసింది. ముందు వరసలో కూచున్నవాళ్లు చూపు తిప్పుకున్నారు.

"సూడుండ్రి. నేను బతికే ఉన్న," అంది.

నిర్వాహకులు గబగబా పాట పెట్టేశారు. పుస్తకాలు పంచారు. సభకొచ్చిన భేస్తాన్ ఆడవాళ్లు భోజనాలు ముట్టకుండా కొమురవ్వ వెంట బయటికి నడిచారు.

వారం తిరక్కముందే జయదేవ్ మళ్లీ వచ్చాడు. తప్పు దిద్దుతానన్నాడు. కొమురవ్వ కూచోమనలేదు.

"నాతోని ఏం పని? ముత్యం ఇంటికి పో. ఆమె చెప్పినట్టే రాయి."

ఆయన వెళ్లాడు. ముత్యం చెప్పింది చెప్పినట్టు రాసి, చిన్న పుస్తకంగా వేశాడు. కొమురవ్వకు ఆమె మనవరాలు సింధూజ దాన్ని చదివి వినిపించింది. ముత్యం పేరొచ్చిన ప్రతిచోటా కొమురవ్వ తల ఊపింది. కానీ కోపం చల్లారలేదు. లింగమూర్తి వేయించిన గట్టి అట్ట పుస్తకం అడాజన్ ఇళ్లలో అద్దాల అల్మారాల్లో ఇంకా అలాగే ఉంది. దయామయుడన్న మాట ఎవరి నోట విన్నా ఆమె మిర్చీల గరిటె పక్కనపెట్టి, మొత్తం కథ మొదటినుంచి చెబుతుంది.