తప్పుకోండి గారి ఖాళీ వీధులు

మునిసిపల్ ఆఫీసు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఫొటోలో పట్టాలంటే ఇంకో రెండడుగులు వెనక్కి వెయ్యాలి. ఫొటోగ్రాఫరు వేశాడు. రెండో అడుగు కింద రోడ్డు లేదు, మురుగుకాలువ ఉంది. ఆయన కెమెరాని రెండు చేతులతో నెత్తిమీదికి ఎత్తిపట్టుకుని, ఎవరో పిలిస్తే వెళ్ళినట్టు నిటారుగా నడుందాకా కాలువలోకి దిగిపోయాడు. కెమెరామీద ఒక్క చుక్క పడలేదు. ఒడ్డున ఆయన భార్య గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆ గొడుగుకి ఒక ఊచ విరిగి, ఒక పక్క బట్ట చెవిలా వేలాడుతూ ఉండేది.

ఆయన కాలువలోంచే అడిగాడు. "ఎవరూ అడ్డం రాలేదు కదా?"

"రాలేదండీ. ఉన్నది మీరొక్కరే, మీరూ తప్పుకున్నారు," అంది ఆవిడ.

ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేసి, మర్నాడు మళ్ళీ వచ్చి తీశాడు. భవనం, మెట్లు, మెట్లపక్క పూలకుండీలు అన్నీ దివ్యంగా వచ్చాయి. మనిషన్నవాడు మాత్రం మచ్చుకైనా లేడు. ఆయనకి కావలసిందీ అదే.

ఊళ్ళో ఆయన పేరు తప్పుకోండి గారు. కెమెరా భుజాన వేసుకుని వీధిలోకి వస్తే చాలు, "తప్పుకోండి, తప్పుకోండి" అని ఒకటే కేక. బతుకుతెరువు పెళ్ళిళ్ళమీద, బడిపిల్లల గ్రూపులమీద, దరఖాస్తులకి అతికించే బిళ్ళంత ఫొటోలమీద. మనసు మాత్రం చుట్టుపక్కల చిన్న ఊళ్ళమీద. తీరిక దొరికితే మొగుడూ పెళ్ళాం బస్సెక్కి ఏదో ఒక ఊళ్ళో దిగేవాళ్ళు. రైలుస్టేషను, గ్రంథాలయం, బజారు వీధి, నది వంతెన, ఆయన తియ్యనిదంటూ లేదు. వాటిని పోస్టుకార్డులుగా అచ్చు వేయించి బస్టాండు పుస్తకాల కొట్టుకి ఇచ్చేవాడు.

మొదట్లో ఆయనకి మనుషులతో పేచీ ఏమీ లేదు. గడియార స్తంభానికి కొత్తగా రంగులేసి, ఆ ఒక్కరోజుకీ కాగితపు తోరణాలు కట్టినప్పుడు ముచ్చటపడి ఒక కార్డు తీశాడు. స్తంభం కింద ఒకాయన నిలబడి, లోకంతో పనిలేనట్టు జామకాయ కొరుకుతున్నాడు. ఆయన ట్రెజరీ గుమాస్తా. ఆవేళ జ్వరమని సెలవు చీటీ పంపి ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉండవలసిన మనిషి. కార్డు ఎలాగో ఆఫీసరు బల్లమీదికి చేరింది. పైన గడియారం పదకొండు చూపిస్తోంది, పక్కన తోరణాలు ఏ రోజో చెప్తున్నాయి, కింద జామకాయ జ్వరం సంగతి చెప్తోంది.

గుమాస్తా ఫొటో స్టూడియోకి వచ్చి లబలబలాడాడు. "ఏమయ్యా, అంత పొడుగు స్తంభం చాల్లేదా నీకు? మధ్యలో నేనెందుకు?"

ఆ మాట ఫొటోగ్రాఫరుకి ముల్లులా దిగింది. అప్పట్నుంచీ ఆయన కార్డుల్లో మనుషులు ఉండకూడదు. వీధికి ఆ చివరా ఈ చివరా ఎవరూ రాకుండా ఆపే పని భార్యది. ఆయన అరిస్తే జనం ఎదురు తిరిగేవాళ్ళు గానీ ఆవిడ అడిగితే ఆగేవాళ్ళు. "అన్నయ్యా, ఒక్క నిమిషం. పిన్నిగారూ, ఆ బుట్ట ఇలా దింపండి, ఎంతసేపని మోస్తారు? మీ కోడలికి కాన్పయిందా?" అంటూ నిలబెట్టేసేది. ఆయన వెలుతురు కుదిరేదాకా కదలడు. ఈలోగా కెమెరా వెనక సైకిళ్ళవాళ్ళు, పాలక్యాన్లవాళ్ళు, కూరగాయలవాళ్ళు పోగై, పెళ్ళిపందిరంత సందడిగా ఉండేది. ఆ సందడి మధ్యలో ఆవిడ నవ్వు గట్టిగా వినిపించేది. కెమెరా ముందు మాత్రం వీధి ఊడ్చి ఆరేసినట్టుండేది. ఎవరైనా కన్నుగప్పి దూరితే, ఆయన ఇంటికెళ్ళి సన్న కుంచెతో ఆ మనిషిని నెగెటివ్‌మీదే చెరిపేసేవాడు. ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

ఒకనాటి సాయంత్రం నది వంతెన దగ్గర ఆవిడ అడిగింది. "నన్నొకటి తియ్యకూడదూ ఇక్కడ? గాలి బాగుంది."

"వెలుతురు పోతోందే. ఈ వంతెన పడగొట్టేస్తారట, మళ్ళీ దొరకదు. నువ్వెక్కడికి పోతావ్?"

"అవునులెండి, నేనెక్కడికి పోతాను," అంది ఆవిడ, ఎవరో సైకిలాయన్ని ఆపడానికి చెయ్యెత్తుతూ.

వంతెన ఇప్పటికీ ఉంది. ఈమధ్య సున్నం కూడా కొట్టారు. ఆవిడే జ్వరమని పడుకుని, వారం తిరక్కుండా వెళ్ళిపోయింది.

చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఒక ఫొటో బయట పెట్టమన్నారు, దండ వేద్దామని. ఫొటోగ్రాఫరు లోపలికి వెళ్ళాడు, ఎంతకీ రాలేదు. పెళ్ళిఫొటో ఒకటి ఉంది. అందులో ఆవిడ సిగ్గుతో తల పూర్తిగా వంచేసింది. పాపిడి మాత్రం అద్భుతంగా, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చింది. కూతురి పెళ్ళిలో తీసిన గ్రూపు ఒకటి ఉంది. అందులో ఆవిడ ఎవరినో పక్కకి జరగమని చెప్పడానికి వెనక్కి తిరిగి ఉంది. ఇక లేవు. పాపిడి ఫొటోకే దండ వేశారు.

ఆవిడ చెల్లెలు ఏడుస్తూనే అనేసింది. "ఊళ్ళో గోడలన్నిటికీ ఫొటోలు తీశారు బావగారూ! మా అక్క ఏ గోడపాటి చెయ్యలేదని?"

ఆ రోజునుంచి ఆవిడ ఫొటో ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, దొరకాలన్నది తప్ప ఆయనకి ఇంకో కోరిక మిగల్లేదు.

మనవరాలు పుట్టి, మాటలొచ్చి, "అమ్మమ్మ ఎలా ఉండేది తాతా?" అని అడిగే వయసుకొచ్చింది. ఆయన పొడుగనీ, చామనఛాయనీ, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవనీ చెప్పుకొచ్చాడు. అంతా విని ఆ పిల్ల, "అయితే చూపించు" అంది.

ఆపాటికి పాత పోస్టుకార్డులకి కొత్త మోజు వచ్చింది. పుస్తకాల కొట్టాయన వాటిని మళ్ళీ అచ్చు వేయించమని వెంటపడ్డాడు. కొనడానికి స్టూడియోకి వచ్చినవాళ్ళు కార్డు చేతిలోకి తీసుకోగానే కళ్ళు చిట్లించి వెతికేవాళ్ళు. "మా నాన్నది ఇక్కడే టీకొట్టండీ. కొట్టు కనపడుతోంది గానీ..." "మా అమ్మ ఈ కుళాయి దగ్గరే ఉండేది పొద్దస్తమానం." వాళ్ళు వెతుకుతుంటే ఫొటోగ్రాఫరు కిటికీవైపు చూసేవాడు. వాళ్ళ నాన్నని ఆయనే తప్పుకోమన్నాడు. వాళ్ళమ్మని, బిందె నిండకుండానే, ఆయన భార్యే పక్కకి తీసుకెళ్ళింది. ఊళ్ళకి ఊళ్ళే ఆయన వీపు వెనక నిలబడ్డాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కెమెరా పట్టుకుని ఆయన వెనక్కి తిరిగి ఉంటే!

నెగెటివ్‌ల ట్రంకుపెట్టె ముందేసుకుని కూచున్నాడు. కిటికీ వెలుతురుకి ఒక్కొక్కటే ఎత్తిపట్టి, భూతద్దంతో మూలమూలా గాలించాడు. కుంచె ఆనవాళ్ళు కనిపించిన ప్రతిచోటా భూతద్దం ఇంకా దగ్గరికి జరిపేవాడు. ఈ మచ్చ ఎవరు? ఇక్కడ చెరిపేసింది ఎవర్ని? చెయ్యి తిరిగిన పనితనం కాబట్టి ఆయనకే తెలియలేదు.

వంతెన నెగెటివ్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. దానికి కుంచె అవసరం పడలేదు. ఆవేళ ఎండ వెనకనుంచి ఏటవాలుగా పడుతుంటే, ఆయన తన నీడ రాకుండా గోడ చాటున నిలబడ్డాడు. ఆవిడ సైకిలాయన్ని ఆపడానికి ఒక్క అడుగు ఎండలోకి వేసింది. ఆవిడ నీడ పొడుగ్గా సాగి, ఫొటో అడుగుభాగాన రోడ్డుమీద పడింది. గొడుగు. ఎత్తిన చెయ్యి. గొడుగు పక్కన చెవిలా వేలాడే బట్ట. అప్పట్లో ఆయన ఆ అడుగుభాగం కత్తిరించి పారేసి అచ్చు వేయించాడు. అంతకుముందు, "నీ నీడ పడింది, ఫిల్ము దండగ చేశావ్," అని బస్సులో దారిపొడుగునా సణిగాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. ఆ సణుగుడు ఇప్పుడు ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

ఈసారి ఏమీ కత్తిరించకుండా అచ్చు తీశాడు. తడి ఆరకముందే కూతురు వచ్చింది. కార్డు చూసి, "వంతెనేగా నాన్నా, ఇదెన్నిసార్లు చూడలేదు," అంటూ పక్కన పెట్టబోయి, ఆగిపోయింది. గొడుగు అంచుమీద వేలు పెట్టింది.

"ఊచ బాగు చేయించమని ఎంత పోరింది నిన్ను!"

"పోరింది."

"చేయించావూ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. మనవరాలు మధ్యలో దూరి కార్డు లాక్కుని, నీడని కిందనుంచి పైదాకా చూసి, "పొడుగే," అని ఒప్పుకుంది. మొహం కోసం కార్డు వెనక్కి తిప్పి కూడా చూసింది. అక్కడ ఏమీ లేదు.

ఆ కార్డులు పుస్తకాల కొట్టుకి వెళ్ళాయి. నెల తిరక్కుండా కొట్టాయన ఒక కట్ట చంకన పెట్టుకుని, మొహం మాడ్చుకుని స్టూడియోకి వచ్చాడు.

"ఏంటి బాబాయ్, పెద్దతనం వచ్చి చూసుకోవడం మానేశావా? ఒక్కడూ కొనట్లేదు. చక్కటి వంతెన ఫొటోకి ఎవరో ఆడమనిషి నీడ అడ్డొచ్చిందంటున్నారు."

తప్పుకోండి గారు కార్డు అందుకుని, బొటనవేలితో అడుగుభాగం నెమ్మదిగా తుడిచి అన్నాడు.

"అది ఆవిడ ఫొటోనేరా, వంతెనే అడ్డొచ్చింది."