పడకగదిలో ఆవు

ఆ రోజుల్లో కొత్తకోడలికి నోరుండేది కాదు. (ఉన్నా పుట్టింట్లో దాచిపెట్టి రమ్మనేవాళ్లు.) నగరి పక్క పల్లెకు నేను కాపురానికి వచ్చిన ఏడాది యుద్ధమైతే ముగిసింది గానీ, మా దిక్కు పశువులకు ముసర తగులుకుంది. ఆ రోగమొచ్చిన గొడ్డు కండ్లెంట నీళ్లు కారుస్తా, నోరంతా పుండ్లు పడి, మేత మానేసి, పారుకొని పారుకొని పడిపోయేది. మా కాడెద్దులు ఒకదాని వెనక ఒకటి పోయినాయి. వాటిని పూడ్చి వచ్చిన మా మామ కాడి మీద చెయ్యేసి కూర్చున్నాడు, ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంక మిగిలింది ఒక ఆవు, దాని పెయ్య.

అప్పుడు దిగినాడు పరదేశపు డాక్టరు. ఏ దేశమో ఎవురికీ తెలీదు. రోగం ఎల్లలు దాటి పోతా ఉండాదని నాలుగు దేశాలవాళ్లు కలిసి మందునూ మనుషుల్నీ పంపించినారంట. ఆయన మాట ఆయన వెంట వచ్చిన కాంపౌండరుకు సగం అర్థమయ్యేది, ఆ కాంపౌండరు అరవం కలిపిన తెలుగు మాకు సగం. మా దాకా వచ్చేసరికి మిగిలేది సూది ఒకటే. సూది పడిన గొడ్లకు జ్వరమొస్తా ఉండాదని పక్కూరి నుంచి కబురొచ్చింది. బాగుండే గొడ్డుకు జ్వరం తెప్పించేది ఏం వైద్యమని మా అత్త ఆవునూ పెయ్యనూ తోలకొచ్చి, ఇంట్లో ఉండే ఒకే ఒక గదిలో, అంటే కొత్త దంపతులమైన మా గదిలో కట్టేసింది. మా ఇంటాయన దిండు చంకన పెట్టుకొని అరుగు మీదికి పోయినాడు. అత్త నన్ను లోపలే ఉండి, ఆవు అరిచినప్పుడల్లా గట్టిగా దగ్గమనింది.

డాక్టరు వాకిట్లోకి రాగానే ఆవు అరిచింది. నేను దగ్గినాను. మళ్లీ అరిచింది, మళ్లీ దగ్గినాను. ఆవు గొంతు గట్టిది, నాది కాదు. కాసేపటికి నా దగ్గు నిజమైపోయింది. డాక్టరు మొహం చిన్నబోయింది. లోపల ఉండే ఆడమనిషికి క్షయ ఉన్నట్టుండాది, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోమంటా ఉండాడని కాంపౌండరు చెప్పినాడు. నవ్వాల్సిందే. కానీ తలుపు సందులోంచి చూస్తే డాక్టరు కండ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి, చొక్కా మీద ఏ ఊర్లోనో పూడ్చిన గొడ్ల మన్ను. తన ఊరు కాదు, తన గొడ్డు కాదు, ఇంత దూరం వచ్చి నా దొంగదగ్గుకు దిగులుపడతా ఉండాడే అనిపించింది. పలుపు విప్పి ఆవును వాకిట్లోకి తోలకొచ్చినాను.

అత్త గదిలోకి పోయి పెయ్య మెడ కరుచుకొని కూర్చునింది. డాక్టరు ఆవుకు సూది వేసి, గుమ్మం దాకా వచ్చి చూసి, బలవంతం చెయ్యకుండా తిరిగిపోయినాడు.

ఆవుకు జ్వరమొచ్చింది. అది మేత ముట్టని దినాలన్నీ అత్త నాతో మాట్లాడలేదు. అది లేచి కుడితి తాగే పొద్దుకు పెయ్య కండ్లెంట నీళ్లు మొదలైనాయి. మా ఇంటాయన నగరి దాకా పరిగెత్తినాడు. రోగం తగిలినాక సూది పనిచెయ్యదని చెప్పి పంపించినారంట. పెయ్య పోయింది. ఆవు మా గది గుమ్మం దగ్గరికొచ్చి లోపలికి చూస్తా నిలబడేది.

ఒక సాయంత్రం కుడితి కలుపుతా, నా మొహం చూడకుండా అత్త అనింది, "ఆ దినం రెండిటినీ వాకిట్లోకి తోలకపోయుండొచ్చు గదమ్మా నువ్వు."

అత్త నన్ను మెచ్చుకునిందని ఆ పొద్దు లోపల్లోపలే పొంగిపోయినాను. (బావి దగ్గర ఇద్దరికి చెప్పుకున్నాను కూడా.) ఇప్పుడు నాకు అప్పటి అత్త వయసు దాటింది. ఆ మాటలో ఎంత ఏడుపుండిందో ఇప్పుడు తెలుస్తా ఉండాది. బిందె చంకనేసుకొని పొంగిపోతా నడిచిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తాది, కోపం మాత్రం రాదు.