యాభై ఎనిమిది మీటర్ల కాకి

బావకి రాని పని లేదు. ఆ పని ఎంత ఎత్తు నుంచి చేయాలో తేల్చుకోవడం మాత్రం ఆయన వల్ల కాదు. డ్రోను ఎగరేసి, ఒక వీధిని ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే పొడుగాటి ఫొటోలో పట్టి ఇవ్వడం ఆయన వృత్తి. పట్టడానికి రెండు నిమిషాలు చాలు. అందుకు ముందు "ఇంకొక్క మీటరు, ఇంకొక్క మీటరు" అంటూ దాన్ని పైకీ కిందికీ ఆడించడానికి రెండు గంటలు కావాలి.

ఈ జబ్బు ఆకాశంలోనే ఆగి ఉంటే బావమరిది సరిపెట్టుకునేవాడు. అది ఇంట్లోకీ దిగింది. ఒకసారి అక్క అద్దం తగిలించమంది. బావ మేకూ సుత్తీ పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. ఇక్కడ కొడితే నీ నుదురు పోతుంది, అక్కడ కొడితే పిల్లదాని గడ్డం పోతుంది అంటూ మూడు వారాలు ఆలోచించాడు. అద్దం నేల మీదే గోడకి చేరగిలబడి ఉండిపోయింది.

"మా ఇంట్లో ఎవరి మొహం ఎలా ఉందో ఎవరికీ తెలీదురా తమ్ముడూ. మోకాళ్లు మాత్రం అందరివీ కంఠతా వచ్చు" అనేది అక్క.

ఇంకోసారి ఒక బడిలో పెద్ద మాస్టారి వీడ్కోలు సభ. రెండు వందల మంది కుదురుగా కూర్చుని తలలెత్తి నవ్వారు. బావ ఎత్తు వెతుకుతున్నాడు. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టి ముందు వరస లేచింది, తర్వాత వెనక వరస లేచింది, చివరికి మాస్టారే లేచి ఇంటికెళ్లిపోయారు. సరైన ఎత్తు దొరికేసరికి కింద రెండు వందల ఖాళీ కుర్చీలూ, ఒక మూల కునుకు తీస్తున్న బంట్రోతూ మిగిలారు.

"ఒక్క కుర్చీ అయినా తప్పిపోయిందేమో చూడండి" అన్నాడు బావ గర్వంగా.

ఇలాంటి మనిషిని నమ్ముకుని బావమరిది, టైల్స్ కొట్లో పదేళ్ల ఉద్యోగం మానేసి వచ్చాడు. బ్యాటరీల సంచి మోయడం, పని ఒప్పుకుని రావడం అతని వంతు. మొదటిసారిగా సొంత నోటితో ఒప్పుకొచ్చిన పని ఒక వీధి సంఘానిది. కొత్తగా కట్టుకున్న సమావేశ మందిరం గోడ నిండా వీధి ఫొటో ఉండాలి. ఫొటో తీసే రోజుకి మర్నాడే మందిరం ప్రారంభం. తీసిన రోజే మధ్యాహ్నం పన్నెండుకల్లా అది, ఫొటోలు అచ్చేసి ఫ్రేములు కట్టే ఆయన చేతిలో పడాలి.

"పడకపోతే పక్క స్టూడియో వాణ్ని పిలుస్తా. వాడు టీ తాగేలోపు తీసేస్తాడు" అన్నాడు సంఘం ప్రెసిడెంటు, ఒత్తయిన నల్లటి క్రాపు సవరించుకుంటూ. అరవై దాటినా ఒక్క వెంట్రుక నెరవని ఆ క్రాపంటే వీధి మొత్తానికి అసూయ.

ఈ పని పోతే మళ్లీ టైల్స్ కొట్టు గుమ్మంలో తల వంచుకుని నిలబడాలి. ఫొటో తీసే రోజు తెల్లారి బావమరిది పూజలో దేవుణ్ణి అడిగింది ఒక్కటే: "స్వామీ, ఈ పూటకి మా బావకి ఏదో ఒక ఎత్తు నచ్చేట్టు చెయ్యి."

దేవుడు విన్నట్టు లేదు. తొమ్మిదింటికి డ్రోను లేచింది. పదకొండు దాటేసరికి మూడు బ్యాటరీలు అయిపోయాయి, ఒక్క ఫొటో లేదు.

"ముప్ఫై దగ్గర బాగానే ఉంది కదా బావా!"

"నీళ్ల ట్యాంకు అడ్డమొస్తోందిరా. దాని వెనకాల ఇల్లుంది."

"పోనీ వంద?"

"వందకెళితే ఇళ్లు అగ్గిపెట్టెలవుతాయి, మనుషులు అగ్గిపుల్లలవుతారు. నలభై చూద్దాం… ఊహూఁ. ఇంకొక్క మీటరు."

ట్యాంకు వెనకాల ఇంట్లో ఇస్త్రీ చేసే పెద్దావిడ ఉంటుంది. ఫొటో తీస్తున్నారని పొద్దుటే బొగ్గులు ఆర్పేసి, పసుపుపచ్చ గొడుగు వేసుకుని గుమ్మం ముందు నిలబడింది. మధ్యలో వచ్చి ఇద్దరికీ మంచినీళ్లిచ్చింది.

"బాబూ, నేను పడతానా?"

"పడతావమ్మా. గొడుగు కాస్త వెనక్కి వాల్చి నిలబడు, మొహానికి వెలుగు రావాలి" అన్నాడు బావ.

ఇంతలో ప్రెసిడెంటు రుసరుసలాడుతూ వచ్చాడు.

"ఏమయ్యా, ఫొటో తీస్తున్నావా, గాలిపటం ఎగరేస్తున్నావా?"

"ఇంకొక్క మీటరండీ."

"ఇంకేం పైకి! కిందికి దించు! ముప్ఫై ఐదు దగ్గర తియ్యి. మా మేడ నిండుగా కనపడాలి."

"మీ మేడ కోసమేనండీ నా తాపత్రయమంతా" అన్నాడు బావ, కళ్లు పైకెత్తకుండా.

ప్రెసిడెంటు జేబులోంచి ఫోను తీశాడు. "పక్క స్టూడియోకి చేస్తున్నా."

బావమరిదికి ఆ క్షణంలో టైల్స్ కొట్టు గుమ్మం కళ్లకి కట్టింది. ఒక్క ఉదుటున బావ చేతిలోంచి రిమోటు లాక్కుని సర్రుమని ముప్ఫై ఐదుకి దించేశాడు. బటన్ నొక్కబోతూ రిమోటు తెర మీద ప్రెసిడెంటు మేడని రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

డాబా మీద బట్టలారేసే తీగ ఉంది. తీగకి రెండు క్లిప్పులతో ఒక నల్లటి క్రాపు వేలాడుతోంది. పాపిటతో సహా.

బావమరిది ప్రెసిడెంటు నెత్తి వంక చూశాడు. అక్కడా ఒకటుంది. ఒకటి వాడకానికి, ఒకటి ఉతకడానికి.

డ్రోను దిగడం చూసి తృప్తిపడిన ప్రెసిడెంటు ఫోను జేబులో పెట్టుకుని అటు వెళ్లగానే, రిమోటు బావకి తిరిగి ఇచ్చేశాడు. డ్రోను నెమ్మదిగా లేచింది. నలభై ఐదు దగ్గర పాపిట చెరిగిపోయింది. యాభై దగ్గర క్లిప్పులు పోయాయి. యాభై ఐదు దగ్గర, ట్యాంకు భుజం మీదుగా పసుపుపచ్చ గొడుగు తొంగి చూసింది. యాభై ఎనిమిదికి గొడుగు కింద ఆవిడ మొహం కూడా కనిపించింది.

"బావా, ఆ తీగ మీది…" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి.

"కాకి."

"కాకా? ఇందాక ముప్ఫై ఐదు దగ్గర అదీ…"

"ముప్ఫై ఐదు దగ్గర అది ఇంకోటి. యాభై ఎనిమిది దగ్గర కాకి. అరవైకి వెళ్లామా, పెద్దావిడ చుక్కయిపోతుంది. నోర్మూసుకుని బ్యాటరీ చూడు."

"ఎనిమిది శాతం."

"చాలు" అన్నాడు బావ. ఆ మాట ఆయన నోట వినడం బావమరిదికి అదే మొదలు. డ్రోను ఉన్నచోటనే మెల్లగా తిరుగుతూ ముక్కలు ముక్కలుగా వీధినంతా పట్టుకుని, మూడు శాతంతో ఆయాసపడుతూ దిగింది. ఆ ముక్కల్ని ల్యాప్‌టాప్‌లో అక్కడికక్కడే కలిపి, పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా ఫ్రేముల ఆయన చేతిలో పెట్టారు.

మర్నాడు మందిరంలో వీధంతా గోడ ముందు మూగింది. ఎవరిల్లు వాళ్లు వేలితో తడిమి చూసుకున్నారు. ఇస్త్రీ పెద్దావిడ తన గొడుగు ముందు నిలబడి, వచ్చినవాళ్లందరికీ "అది నేనే" అని చెబుతోంది. సంఘం గుమాస్తా ముక్కు ఫొటోకి ఆనేంత దగ్గరగా వెళ్లాడు.

"ప్రెసిడెంటు గారూ, మీ డాబా మీద నల్లగా ఏమిటండీ అది?"

ప్రెసిడెంటు వంగి చూశాడు. ఆయన చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. బావ వైపు చూశాడు.

"కాకండీ" అన్నాడు బావ, దేవుడి ముందు నిలబడ్డంత వినయంగా.

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "ఆఁ… కాకే. రోజూ వస్తుంది. నేనే మెతుకులు వేస్తుంటా."

"మరి తీగకి తలకిందులుగా వేలాడుతోందేమిటండీ?"

"నిన్న గాలి జాస్తిగా ఉందిలే" అని, ప్రెసిడెంటు బావ భుజం మీద చెయ్యి వేశాడు. "ఏటేటా ఈ ఫొటో మీరే తియ్యాలి బాబూ. మీకు తోచినంత ఎత్తులో, ఎంతసేపు పట్టినా సరే. తీసే ముందురోజు మాత్రం నాకొక్క మాట చెప్పండి… కాకికి చెప్పుకోవాలి."